నాకు తెలియని ఎరుపు

ఆ రోజుల్లో, అంటే తెలంగాణ సాయుధ పోరాటం నడిచిన సంఘం రోజుల్లో, నాకు కాలు ఒకచోట నిలిచేది కాదు. ఇరవై ఏళ్ళ వయసు, పైగా లోకాన్ని వారం రోజుల్లో మార్చేయాలన్న తొందర. బచ్చన్నపేట పక్కనున్న మా ఊరి నుంచి తరిగొప్పులలో అక్కగారింటికి జొన్నరొట్టెల మూట చేరవేసే పని నాకు అప్పగించారు. అక్కడి నుంచి దళం వాళ్ళు తీసుకుపోతారు. ఊళ్ళో పోలీసులుంటే అక్క గోడమీద ఎర్రచీర ఆరేస్తుంది, లేకుంటే ఆకుపచ్చది. ఇంత తేలికైన ఏర్పాటును చెడగొట్టడానికి ఒక మనిషి కావాలిగా, నేనున్నాను.

మొదటిరోజే ఊరి బయట చెలక పొలం గట్టున నిలబడి చూస్తే చీర కనిపించింది గాని రంగు తేలలేదు. చిన్నప్పటి నుంచీ ఆ రెండు రంగులూ నాకు ఒక్కలాగే ఉండేవి. అందరికీ అంతేననీ, మిగతావాళ్ళు ధైర్యంగా ఊహించి చెప్తారనీ నా నమ్మకం. (పరువు పోతుందని ఎవరినీ అడగలేదు.) కూర్చున్నాను, లేచాను, నాలుగడుగులు వేసి వెనక్కొచ్చాను. దళం ఆకలి గుర్తొచ్చి, ఆకుపచ్చేనని తీర్మానించి నడిచాను. వాకిట్లో నలుగురు పోలీసులు. నాకు పైప్రాణాలు పైనే పోయాయి. అక్క మాత్రం నా చెంప ఛెళ్ళుమనిపించి, అయ్యలకు రొట్టెలు తెమ్మంటే ఇంత ఆలస్యమా అని కసిరింది. దళం రొట్టెలన్నీ పోలీసులు తిన్నారు. (ఒకాయన నంజుకున్న తొక్కు పచ్చడిలో కారం తక్కువన్నాడు.)

మర్నాడు గుట్ట దగ్గర దళనాయకుడి ముందు నిలబెట్టారు. అందరూ ఆయన్ని మీసాలన్న అనేవారు. ఎర్రచీర చూసి కూడా పోయానంటే పోలీసుల మనిషినేనని అనుమానం. దానికి శిక్షేమిటో అందరికీ తెలుసు. కబురు విని అక్క పరుగెత్తుకొచ్చింది.

"అన్నా, వీడు పండుమిరపకాయలు తెంపమంటే పచ్చియి గూడ తెంపుతడు. నాయిన కొట్టి కొట్టి అలిసిపోయిండు. వీనికి ఎరుపు తెల్వది."

మీసాలన్న కర్రకు చుట్టిన ఎర్రజెండా విప్పాడు. "గిది ఎట్ల కనపడుతది నీకు?"

"మోదుగాకు లెక్కనే ఉన్నదన్నా."

"మరి దీని ఎన్క ఎందుకు నడుస్తున్నవ్‌రా?"

"మీరు ముందట నడుస్తున్నరని."

ఆయన మీసాల్లోంచి నవ్వు పొంగింది. నన్ను వదిలేశారు, రొట్టెల పనిలోంచి కూడా.

చాలా ఏళ్ళకు ఒక కంటి డాక్టరు చెప్పాడు, రంగు గుడ్డలో ఉండదట, కన్ను పంపిన కబురుతో మెదడు తయారుచేసుకుంటుందట. అప్పటికి మీసాలన్న లేడు. నన్ను వదిలేసిన ఏడే పోలీసులకు దొరికి, మళ్ళీ రాలేదు. ఎరుపు నాకెలా కనిపిస్తుందో ఆయన అడిగాడు. ఆయనకెలా కనిపిస్తుందో నేనూ అడిగి ఉండాల్సింది. ప్రాణభయంలో ఉన్న ఆ ఇరవై ఏళ్ళవాడికి అది తోచలేదు, పాపం.