బుగ్గలో ఆపిన తీపి

పరుపులు కుట్టి బతికే మా సాయిబుల ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. సంబంధం మాట్లాడుకునే చోట పిల్ల తల్లి నోట్లో తీపి పడి గొంతు దిగిందంటే మాట ఇచ్చేసినట్టే. ఆ తర్వాత కాదంటే మాట తప్పినవాళ్లం అవుతాం. అందుకే అన్నీ కుదిరేదాకా టీలో చక్కెర కూడా వేయించుకోం.

మా అమ్మాయికి ఈ సంగతి బాగా తెలుసు. అది కృష్ణపట్నం దగ్గర కరెంటు ప్లాంటులో, బొగ్గు పరీక్షించే ల్యాబులో పని చేస్తుంది. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. కంపెనీ బస్సు మా సందు మొదట్లోకే వస్తుంది. వెంకటాచలం నుంచి ఫర్నిచర్ అంగడి వాళ్ల సంబంధం వచ్చినప్పుడు దానిది ఒకటే పట్టు. పెళ్లయ్యాక ఉద్యోగం ఉంటుందా, మానుకోవాలా? ఆ మాట అబ్బాయి నోటి నుంచే వినాలి.

“ఇంటికి పిలిస్తే నువ్వు సేమియా చేస్తావు, వాళ్లు నీ నోట్లో పెడతారు, అయిపోతాది. బయట కలుద్దాం” అంది. “నేను అడిగిందాకా తీపి ముట్టుకోబాకమ్మా. నీకు పుణ్యముంటాది.”

“నేనేమన్నా చంటిబిడ్డనా?” అన్నాను.

ఆదివారం పదకొండు గంటలకు వెళ్లాం. టిఫినుకు ఆలస్యం, అన్నానికి తొందర. ఆ వేళప్పుడు తినేదాన్ని బ్రంచ్ అంటారని అమ్మాయి చెప్పింది. మా వీధికి రెండు వీధుల అవతల ఒక పాత ఇంటిని కేఫ్ చేశారు. ఆ ఇల్లు నాకు తెలుసు. ఆ ఇంటి ఆడబిడ్డ పురిటికి మా ఆయన కుట్టిన పరుపును నేనే తోడొచ్చి దించాను. పురిటిగదిలో ఇప్పుడు నాలుగు బల్లలు వేశారు. ఇత్తడి బిందెలు బోర్లించి పైనుంచి దీపాలుగా వేలాడదీశారు. వచ్చినవాళ్లంతా గోడమీద రంగు సుద్దలతో బొమ్మలు గీసి పోతున్నారు. వేరే రోజైతే నేనూ ఒక పువ్వు గీసి ఉండేదాన్ని.

“రా వదినా, రా” అంది అబ్బాయి తల్లి. ఏమీ కాకముందే వదిన అనేసింది. నాకు లోపల గుబులు మొదలైంది. అబ్బాయి లేచి సలాం చెప్పాడు. నెమ్మదైన మనిషి. చూడగానే నచ్చాడు. నచ్చాడు గనకే భయం ఎక్కువైంది.

తిండి బొమ్మలున్న అట్ట ఒకటి చేతికిచ్చారు. తెలుగైతే కూడబలుక్కుని చదువుతాను. అందులో అంతా ఇంగ్లీషే. ఏ బొమ్మ చూసినా తేనె, పళ్లు, చాక్లెట్టు. ఒక్కదాంట్లో మాత్రం కాల్చిన రొట్టె మీద హాఫ్ బాయిల్ గుడ్డు, పైన మిరియాలు చల్లినట్టు నల్లగా ఉంది. గుడ్డుకు తీపేముంటుందని దానిమీద వేలు పెట్టాను. అమ్మాయి చూడలేదు. అబ్బాయి తల్లి దాన్ని మాటల్లో పెట్టింది.

“ఆ ప్లాంటులో ఏం పనమ్మా నీది?”

“బొగ్గు శాంపిల్ తెస్తారాంటీ. కాల్చి, బూడిద ఎంత మిగిలిందో చూస్తాం.”

“బొగ్గు కాల్చేదానికి అంత దూరం పోవాల్నా? మా ఇంట్లో పొయ్యుండాది, అది కాలుద్దువు రా” అని పకపకా నవ్వింది.

మా అమ్మాయి నవ్వలేదు. అబ్బాయి కాగితం రుమాలును మడిచిందే మడుస్తున్నాడు. అమ్మాయి రెండుసార్లు నోరు తెరిచింది. రెండుసార్లూ ఆవిడ అడ్డం వచ్చి, మేడమీద కొత్తగా వేసిన గదుల సంగతి ఎత్తుకుంది. అంతలో పళ్లేలు వచ్చాయి.

పచ్చసొన పగిలి కారుతుందేమోనని చెంచాతో ఒక్కసారే ఎత్తి నోట్లో పెట్టుకున్నాను. చల్లగా తగిలింది. గుడ్డు చల్లగా ఉండడమేమిటి అనుకునేలోపే నోరంతా తీపి అయిపోయింది. తెల్లది గడ్డకట్టిన కొబ్బరిపాలు. పచ్చది మామిడిపండు గుజ్జు. మిరియాలనుకున్నవి సబ్జా గింజలు.

“ఎట్లుందాంటీ?” అంది వడ్డించే పిల్ల మురిపెంగా. “అది స్వీటే. అందరూ గుడ్డేననుకుంటారు.”

అబ్బాయి తల్లి చేతులు చరిచింది. “మా వదిన నోరు తీపి చేసుకునింది! ఇంకేముండాది!” అంటూ నా పళ్లెంలోదే ఒక చెంచా తీసి మా అమ్మాయి మూతి దగ్గర పెట్టింది. “నోరు తెరమ్మా, బిస్మిల్లా.”

నోట్లో ముద్దతో మాట్లాడలేను, ఉమ్మలేను. ముద్దను ఎడమ బుగ్గలోకి తోసి నాలుకతో అదిమి పట్టాను. గొంతు దిగలేదు కాబట్టి మాట ఇంకా ఇవ్వనట్టే. మా అమ్మాయి నా బుగ్గ చూసింది. ఆవిడ మణికట్టు మెల్లగా పట్టుకుని పక్కకు జరిపి, అబ్బాయి వైపు తిరిగింది.

“పెళ్లయినాక నా ఉద్యోగం ఉంటాదా? రాత్రి డ్యూటీలతో కూడా. మీరే చెప్పాల.”

“తీపి తిన్నాక అడిగే మాటా ఇది?” అంది ఆవిడ.

“మా అమ్మ ఇంకా మింగలేదాంటీ.”

ముగ్గురూ నా మొహం చూశారు. ఉబ్బిన బుగ్గతో అవునని తలూపాను. అబ్బాయి పెదాల మీద నవ్వు కదిలింది. నవ్వితే చాలు, అన్నీ సర్దుకుంటాయని ఆశపడ్డాను. అతను తల్లి వైపు చూశాడు. నవ్వు పోయింది.

“ముందు పెళ్లి కానీండి. తర్వాత చూద్దాం.”

“ఎవరు చూస్తారు?”

“ఇంట్లో అందరం.”

“ఆ అందరిలో నేను ఉంటానా?”

అతను కాగితం రుమాలును మళ్లీ మడవసాగాడు. తల్లే అంది: “మా ఇంటి ఆడోళ్లు రాత్రిళ్లు బస్సులెక్కరమ్మా.”

మామిడి గుజ్జు కరిగి చుక్క చుక్కగా గొంతు వైపు జారుతోంది. మా అమ్మాయి నాకు సైగ కూడా చేయలేదు. తన కాఫీ కప్పు వైపే చూస్తూ కూర్చుంది. ఇంటి దగ్గర మా ఆయన సంబంధం కుదిరినట్టేనని అప్పుడే చుట్టాలందరికీ చెప్పేసి ఉంటాడు. మెత్తగా ఉన్న ఈ అబ్బాయి రేపు మారకపోతాడా అని కూడా అనిపించింది. కానీ ఇవాళ తల్లి పక్కన నోరు పెగలనివాడికి రేపు మాత్రం ఎలా పెగులుతుంది? కాగితం రుమాలు తీసుకుని, అందరూ చూస్తుండగానే, నోట్లోది దాంట్లోకి ఉమ్మేశాను.

ఆవిడ దిగ్గున లేచింది. “తినే తిండి మా మొహానే ఉమ్మేస్తివే!”

“మింగి కాదంటే ఇంకా తప్పు వదినా. ఏమనుకోబాక.”

“ఇంకేం వదిన!” అని చేతిసంచీ లాక్కుని వెళ్లిపోయింది. అబ్బాయి మాత్రం ఒక్క క్షణం ఆగి, నాకు సలాం చెప్పి వెళ్లాడు.

వాళ్ల పళ్లేలు తినకుండానే ఉండిపోయాయి. మా అమ్మాయి నా చేతిలోని కాగితం రుమాలు వైపు చూసింది.

“మింగేస్తావనుకున్నా అమ్మా.”

“ఇంకొంచెం సేపుంటే అదే దిగిపోయేదే. మాగిన మామిడిపండు, ఎంత సేపని ఆగుతాది?”

అది నవ్వబోయి ఏడ్చేసింది. ఇంతలో నా సంచీలో ఫోను మోగింది. మా ఆయన. అమ్మాయి కళ్లు తుడుచుకుని, ఫోను నా చేతికి ఇవ్వకుండా తనే ఎత్తింది.

“కుదర్లేదు నాయనా” అంది. “అమ్మనేమీ అనబాక.”