కోడికి చెప్పని లెక్క

సర్కారు లెక్కలో ఫసలీ పదమూడు వందల యాభై రెండు, ఫర్వర్ది నెల, అంటే చలికాలం చివర, రెండో గురువారం. నల్గొండ బస్సు మా ఊరి బాట మీద దుమ్ము లేపుకుంటూ పోయిన పొద్దు, అంటే ఉదయం ఏడున్నర. సరిగ్గా ఆ వేళకు నేను ఒక కోడి కింద అయిదు గుడ్లు పెట్టాను. పెట్టి, గూటికి తాళం వేసి, తాళంచెవి కొంగున ముడివేసుకుని, మా వాడ కష్టాలు తీరాయని తేలిగ్గా ఊపిరి వదిలాను. నెల తిరగకముందే ఆ వాడలో ఒక మనిషి కూలి మానుకుని, ఒళ్లో గుడ్లు పెట్టుకుని, తానే పొదగడానికి కూర్చుంది. ఆమెకు ఎదురుగా నేనూ కూర్చున్నాను.

అప్పుడు నాకు పదిహేడేళ్ల రెండు నెలలు. వయసు చిన్నది కాబట్టి తప్పు చేశానని మీరు జాలిపడవద్దు. ఆ తప్పు లెక్క వల్ల జరిగింది. లెక్కలో మాత్రం తప్పు లేదు. ఈనాటికీ కూడి చూసుకుంటాను, సరిపోతుంది.

ఆ చలికాలంలో కోళ్లకు కొక్కెర తెగులు వచ్చింది. మా వాడ చివరి మూడిళ్లలో కలిపి ఇరవై ఆరు కోళ్లుండేవి. తొమ్మిది రోజుల్లో ఒక్కటి మిగిలింది. ఆ ఒక్కటి, మెడ మీద ఈకలు లేని ఎర్రకోడి, మా గోడకు అవతల ఉండే ఖాసింబీది. ఖాసింబీ బొంతలు కుట్టేది. మా ఎదురిల్లు సాలమ్మది. ఆమెకు వెనకా ముందూ ఎవరూ లేరు. కూలికి పోయి బతికేది, నోరు మాత్రం పటేలు నోరు. మూడో ఇల్లు మాది. అత్త, నేను, బండి తోలే మా ఆయన.

కోళ్లు పోతే ఏం పోయిందని మగవాళ్లు అనుకున్నారు. ఏం పోయిందో మాకు తెలుసు. ఇంట్లోకి ఉప్పు, దీపంలోకి నూనె ఆ గుడ్ల మీదే వచ్చేవి. గంప కింద చెయ్యి పెడితే చాలు, ఎవరినీ అడిగే పని లేదు. కోళ్లు పోయాక నేను ఉప్పు కోసం మా ఆయనను అడగవలసి వచ్చింది. ఆయన ఇచ్చేవాడే, కాని ఎందుకు అప్పుడే అయిపోయిందని అడిగి ఇచ్చేవాడు. సాలమ్మకు అడగడానికి మనిషి కూడా లేదు. పొద్దుండగానే తిని, చీకటి పడకముందే పడుకునేది.

అటువంటి రోజుల్లో ఖాసింబీ కోడి పొదుగుకు వచ్చింది. పెట్టిన గుడ్లలో పిల్లి తినగా అయిదు మిగిలాయి. అయిదింటికే ఎందుకు, దాని కింద పదమూడు పడతాయి, మీరూ తెచ్చి పెట్టుకోండి అన్నది ఖాసింబీ. తెగులు తగలని ఊళ్ల నుంచి తెప్పించుకోవాలి. నావి పానగల్‌లోని మా అమ్మగారింటి నుంచి నాలుగు, సాలమ్మవి రామన్నపేటలోని ఆమె అక్క దగ్గరి నుంచి నాలుగు. అంతలో మా ఆడబిడ్డకు పురుడని మా అత్త నకిరేకల్ ప్రయాణమైంది. బండి ఎక్కుతూ ఒక్క మాట చెప్పింది.

"గుడ్లన్ని వచ్చేదాక తవుడుల దాచిపెట్టు. ఆఖరుకు ఒక్కపారే పొదగెయ్యి."

మాట చిన్నది. నేను మిషన్ బడిలో నాలుగో తరగతి దాకా చదివినదాన్ని. అంత చిన్న మాట నా బుర్రలో నిలవలేదు.

నిలవకపోవడానికి సాలమ్మ కూడా కొంత కారణం. అత్త వెళ్లిన మర్నాడు గడపలో కూర్చుని అడిగింది.

"పిల్లా, మూడిండ్ల గుడ్లు ఒక్క కోడి కిందనాయె. నా గుడ్డు మురిగిపోయి నీ గుడ్డు పిల్లయితే, అది నా పిల్లనా, నీ పిల్లనా?"

"గుడ్ల మీద బొగ్గుతో రాస్త సాలమ్మక్కా. నావి 'న', నీవి 'సా', ఖాసింబీవి 'ఖా'."

"రాత గుడ్డు మీదుంటది. పిల్ల మీదుంటదా?"

చూడండి, ఎంత గట్టి ప్రశ్నో. రెండు రోజులు అన్నం సయించలేదు. మూడోనాడు పేడ నీళ్లు చల్లుతుండగా జవాబు తట్టింది. గుడ్డు పిల్ల కావడానికి ఇరవై ఒక్క రోజులు. అందరి గుడ్లూ ఒకేరోజు పెడితే అన్ని పిల్లలూ ఒకేరోజు పుట్టి కలిసిపోతాయి. ఇంటింటి గుడ్లు వేరువేరు రోజుల్లో పెడితే? గురువారం ఖాసింబీవి, సోమవారం నావి, మరుసటి శుక్రవారం సాలమ్మవి. మళ్లీ అదే వరసలో గురువారం పుట్టినవి ఖాసింబీవి, సోమవారం పుట్టినవి నావి, శుక్రవారం పుట్టినవి సాలమ్మవి. తగాదాకు సందే లేదు. కాగితం మీద గీతలు కొట్టి సాలమ్మకు చూపించాను. ఆమెకు చదువు రాదు, అయినా కాగితాన్ని అటూఇటూ తిప్పి చూసి ఒప్పుకుంది.

"గిదీ సదువంటే. గుడ్లు పెట్టుడు కోడికి గూడ వస్తది. తారీకు పెట్టుడు ఎవరికొస్తది?"

ఖాసింబీ మాత్రం బొంతలో సూది గుచ్చి ఆపి, నా మొహంలోకి చూసింది.

"కోడికి చెప్పినవా బేటీ, నీ హిసాబు?"

నేను నవ్వాను. ఆ నవ్వు ఇప్పుడు తలచుకుంటే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది. ఆమె కూడా తానెన్నడూ చూడని పద్ధతి కదా, చదువుకున్న పిల్లకు ఏదో తెలిసే ఉంటుందని ఊరుకుంది.

ఇక గూడు సంగతి. పాత గంపలన్నీ తెగులు అంటుకున్నవని కాల్చేశాం. కొత్త గూడు నేనే కట్టాను. మా పెరటి గోడకు ఆనించి మట్టి ఇటుకలు పేర్చి, పైన బండ పరచి, లోపల సున్నం కొట్టి, నాలుగు జానల ఎత్తు, తొమ్మిది జానల పొడుగు. అందులో మూడు అర్రలు. పుట్టిన పిల్లలు ఏ ఇంటివి ఆ ఇంటి అర్రలో ఉండాలని. పాత బండి పలకతో మా ఆయన తలుపు చేసి బిగించి, వంగి లోపలికి తొంగిచూశాడు.

"గిది కోళ్లకా, తహసీల్దారుకా?" అన్నాడు.

కోడి రెండు రోజులు దాంట్లోకి అడుగుపెట్టలేదు. కొత్త కోడలిని మొదటిసారి వంటింట్లోకి పంపినట్టు నచ్చజెప్పి పంపాను. తాళం పిల్లుల కోసమని చెప్పాను గాని, నిజానికి రోజుకు నాలుగుసార్లు లెక్క చూసుకుపోయే సాలమ్మ కోసం. అనుకున్న రోజులకు అనుకున్న గుడ్లు కోడి కింద చేరాయి. మొత్తం పదమూడు.

ఇరవై ఒకటో రోజు గురువారం. బస్సు పోయింది, గూట్లో కిచకిచలు మొదలయ్యాయి. ఖాసింబీ గుడ్లు అయిదింటిలో నాలుగు పిల్లలయ్యాయి, ఒకటి మురిగింది. వాడంతా వచ్చి చూసింది. నేను కాగితం పట్టుకుని గూటి బండ మీద కూర్చుని, సోమవారం రండి, శుక్రవారం రండి అని చెప్పాను. ఫర్మానా చదివి వినిపిస్తున్నట్టే చెప్పాను.

శనివారం పొద్దున తలుపు తీయగానే కోడి బయటికి వచ్చింది. వెనక నాలుగు పిల్లలు. తిన్నగా పెంట మీదికి పోయి గెలకడం మొదలుపెట్టింది. పాపం ఇన్నాళ్లు కూర్చుంది, కాళ్లు సాగదీసుకుంటోందనుకున్నాను. పొద్దెక్కింది. తిరిగి రాలేదు. నూకలు చల్లాను, తిన్నది, రాలేదు. చేతులు జోడించాను. ఎత్తుకుని తెచ్చి గుడ్ల మీద కూర్చోబెట్టాను. కూర్చోలేదు, నిలబడింది. గంప బోర్లించి పైన రాయి పెట్టాను. బయట పిల్లలు అరుస్తుంటే లోపల అది గుడ్ల మీద కవాతు చేసింది. చిటుక్కుమని రెండు చప్పుళ్లు వినిపించాయి. గంప ఎత్తి చూస్తే ఒకటి 'న', ఒకటి 'సా'. నష్టం కూడా సమానంగానే పంచింది.

ఖాసింబీ గోడ మీదుగా చూసి, దిగి వచ్చింది.

"పిల్లలు నడిస్తె తల్లి లేస్తది బేటీ. ఇగ గుడ్ల దిక్కు చూడదు. ఏ గుడ్డు ఎవరిదో దానికేమెరుక?"

"మరి ముందుగాల్నే చెప్పొద్దా?"

"అడిగిన గద, కోడికి చెప్పినవా అని."

సాయంత్రం సాలమ్మ ఆముదాల పని నుంచి వచ్చింది. ఆమె తిడుతుందని నేను సిద్ధంగా ఉన్నాను. తిట్టలేదు, దానికే భయం వేసింది. మిగిలిన గుడ్లను ఒక్కొక్కటే అరచేతిలోకి తీసుకుని చూసింది. ఇంకా వెచ్చగానే ఉన్నాయి.

"నాయి ఇంకెన్ని దినాలు గావాలె?"

"ఆరు."

"నీయి?"

"రెండు."

ఖాసింబీ దగ్గర బొంత ముక్క అడిగి తీసుకుని, తన మూడు గుడ్లను అందులో చుట్టి, ఒళ్లో కట్టుకుని, మా గోడకు ఆనుకుని కూర్చుంది. నేనూ నా మూడు గుడ్లు కట్టుకుని ఎదురుగా కూర్చున్నాను. నిద్ర కూడా కూర్చునే. తుమ్ము వస్తే ముక్కు పట్టుకునేదాన్ని.

దారిన పోయేవాళ్లు ఊరుకుంటారా? ఏం సాలమ్మా, పొదుగుకు కూసున్నవా అని అడిగిన ప్రతి మనిషికీ ఆమె ఒకటే జవాబు చెప్పింది.

"అవు. గింజలేమన్న తెచ్చినవా?"

మా ఆయన బండి విడిచి వచ్చి, చల్లారిన పొయ్యినీ, నన్నూ చూశాడు. మరి నేనేం తినాలె అని ఎవరినో అడిగినట్టు అడిగాడు. పెంట దిక్కు పొమ్మని, కోడి చూపిస్తుందని ఖాసింబీ చెప్పింది. చెప్పింది గాని, ఆ రెండు రోజులూ మాకూ ఆయనకూ రొట్టెలు చేసి పెట్టింది ఆమే.

సోమవారం మధ్యాహ్నం నా ఒళ్లో టిక్కుమని తగిలింది. రెండు పిల్లలు బయటికి వచ్చాయి. మూడోది పెంకు పగలగొట్టలేక లోపలే పోయింది. చెప్పడానికి సిగ్గుగా ఉంది, చెబుతాను: నాకు మొదట కలిగిన ఆలోచన, సోమవారమన్నాను, సోమవారమే పుట్టాయి, లెక్క తప్పలేదని. తల ఎత్తేసరికి సాలమ్మ నా పిల్లలను చూసి నవ్వుతోంది. చేతులు మాత్రం తన ఒడి మీది నుంచి తీయలేదు.

శుక్రవారం వచ్చింది. ఆమె ఒక్కో గుడ్డును చెవి దగ్గర పెట్టుకుని విన్నది. శనివారమూ విన్నది. ఆదివారం పొద్దున లేచి, మూడింటినీ తానే తీసుకుపోయి సొరపాదు మొదట్లో పాతిపెట్టి, చేతులు కడుక్కుని వచ్చింది.

"సప్పుడు లేదు పిల్లా," అన్నది.

మంగళవారం మా అత్త దిగింది. అంతా విని నన్ను కోప్పడలేదు. ఎందుకు చేశావని మాత్రం అడిగింది.

"ఎవరి పిల్ల ఎవరిదో తెల్వకపోతే ఎట్ల అత్తా?"

"తెల్వకపోతే ఏమైతది?"

ఇరవై తొమ్మిది రోజులు, ఒక కాగితం, మూడు అర్రల గూడు, పదమూడు గుడ్లు అన్నీ ఏ ప్రశ్నకు జవాబుగా పెట్టానో, ఆ ప్రశ్నే అక్కరలేదని ఆమె అన్నది. ఏది ఎవరిదో తెలియకుండానే మనుషులు పంచుకోవచ్చునన్న సంగతి నాకు బడిలో ఎవరూ చెప్పలేదు.

అత్త గంప తెచ్చింది. నా రెండు పిల్లలను అందులో వేశాను. ఖాసింబీ తన నాలుగూ తెచ్చి, మారుమాట లేకుండా వేసింది. పైన గుడ్డ కప్పారు. కళ్లు మూసుకుని తలా రెండు తీసుకోవాలి. సాలమ్మ వెనక్కి జరిగింది.

"నాయి అండ్ల లేవు గద. నేనెట్ల తీస్త?"

"నా కోడి కూసున్నది ఇరవై మూడు దినాలు," అన్నది ఖాసింబీ. "నువ్వు ఏడు. తియ్యి, గింజలు గూడ తినకపోతివి."

సాలమ్మ తీసింది. తరువాత ఖాసింబీ, ఆఖరున నేను.

నాకు వచ్చిన రెండూ పుంజులయ్యాయి. అందులో ఒకటి తెల్లవారకముందే కూసేది, ఇంకొకటి బస్సు పోయాక కూసేది. ఒక్క రోజూ ఒకే వేళకు కూయలేదు. సాలమ్మవి రెండూ పెట్టలు. వానలు వెనుకబట్టాక ఒకనాడు ఆమె మొదటి గుడ్డు తెచ్చి నా అరచేతిలో పెట్టింది. ఇంకా వెచ్చగా ఉంది.

"తారీకు రాసుకో," అన్నది.

రాసుకున్నాను. ఆ సాయంత్రం దీపాలు పెట్టిన చాలాసేపటికి కూడా ఆమె ఇంట్లో వెలుగు కనిపించింది.

ఆ రోజే తూర్పు తిరిగి, రెండు పుంజుల సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. ఈ జన్మలో కోడిని అడగకుండా దాని పనికి తారీకు పెట్టను. ఇద్దరి మధ్య తగాదా రాకముందే తీర్పు రాయను. అత్త ఒక్కపారే అంటే ఒక్కపారే.

పోయినవి ఇవి. గుడ్లు ఏడు: ఖాసింబీది ఒకటి, నావి రెండు, సాలమ్మవి నాలుగు. సాలమ్మ ఆముదాల కూలి ఏడు రోజులు. ఖాసింబీ బొంత ముక్క ఒకటి. రెండు పూటల పొయ్యి రెండు రోజులు.

బతికినవి ఆరు. అందులో ఏ పిల్ల ఎవరి గుడ్డుదో రాసుకోలేదు.