ఆవిడ కొలిచిన కాలువ

గత నెల మా ఆవిడ అమలాపురం ఆసుపత్రిలో కన్నుమూసింది. మర్నాడు ఆవిడ ఒకప్పుడు పనిచేసిన జాతీయ ప్రయోగశాల నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. “మేడమ్ ఎంత నవ్వించేవారో సార్” అన్నాడు. ఇంట్లో అంతగా నవ్వించిన గుర్తు లేదు. ఆయన మీద ఈర్ష్య పుట్టింది. ఆ ఈర్ష్య పాతదే.

ఇద్దరం ఒకే కాలేజీలో లెక్చరర్లం. ఆవిడ లెక్కలు, నేను ఫిజిక్సు. ఇద్దరికీ డాక్టరేట్లున్నాయి. తొంభైల చివర పేపర్లో ఆ ప్రయోగశాల ప్రకటన చూశాం. ఉప్పెనలను కంప్యూటర్ మీద లెక్కగట్టే పరిశోధన. రెండేళ్లు, పని బాగుంటే మూడో ఏడు. రెండు దరఖాస్తులూ ఒకే కవర్లో పెట్టి నేనే రిజిస్టర్ చేశాను. పిలుపు ఆవిడకే వచ్చింది.

“మీదీ వస్తుందండీ” అంది.

నెల రోజులు పోస్ట్‌మ్యాన్ కోసం వీధిలో నిలబడ్డాను.

ఉప్పెన వస్తే సముద్రం మా రాజోలు మురుగు కాలువ వెంట ఎంత దూరం ఎక్కుతుందన్నది ఆవిడ లెక్క. దానికి కాలువ లోతులు కావాలి. వెదురు గెడకు అడుగడుక్కీ ఎర్రరంగు గీత గీసి నాకిచ్చి ఉద్యోగానికి వెళ్లింది. “పన్నెండు చోట్ల గెడ వేసి చూడండి, చాలు.”

ఆవిడ లెక్కకు నేను గెడ మోయడమేమిటనిపించింది. వంతెన దగ్గర ఒక్కచోట వేశాను. మిగతా పదకొండూ, చోటుకి అరడుగు తగ్గిస్తూ, టీ కొట్లో కూర్చుని రాసేశాను.

“మొన్నటి తుపాను నాడు మన వీధిలో నీళ్లు మోకాలి లోతు నిలిచేయి కదండీ, నా లెక్కలో చుక్కయినా రావట్లేదు” అనేది ఫోన్లో. తప్పు తన ప్రోగ్రాంలోనే ఉందనుకుని నాలుగు నెలలు వెతికింది. నేను ఊఁ కొట్టాను.

దసరాకి వచ్చినప్పుడు నా కాగితం మళ్లీ చూసింది. “ఏ కాలువా ఇంత బుద్ధిగా ఉండదండీ” అని గెడ పట్టుకుని బయల్దేరింది. వెంట వెళ్లక తప్పలేదు.

“ఆయన్ని ఎందాకా తీసుకెళ్లేవు తాతా?” అని పడవతన్ని అడిగింది.

“ఆయ్, మాస్టారు అప్పుడు పడవే ఎక్కలేదండి. టీ తాగేసి వెళ్లిపోయేరు.”

నేను నీళ్లకేసి చూశాను.

“మాస్టారికి నీళ్లంటే జలుబులే. నువ్వు పోనీ” అందావిడ.

సాయంత్రం దాకా గెడ ఆవిడే వేసింది. నేను అంకెలు రాశాను. ఎందుకలా చేశారని ఆరోజు అడగలేదు. తరవాతా అడగలేదు.

లెక్క కుదిరింది. అప్పటికి గడువు దాటింది. మూడో ఏడు ఇవ్వలేదు. తిరిగొచ్చి మళ్లీ డిగ్రీ క్లాసులు చెప్పుకుంది. నాకు సంతోషం కలిగింది. ఈ మాట ఆవిడ ఉండగా చెప్పలేకపోయాను. వ్యాసం అచ్చయినప్పుడు, కొలతలకు సాయం చేసినందుకని చివర నా పేరు పెట్టింది. తీసెయ్యమన్నాను.

“మీరూ తడిశారు కదండీ” అంది.

నిన్న గెడ తీసుకుని కాలువకి వెళ్లాను. పడవ మాట్లాడుకుని, వంతెన దాటి, పన్నెండు చోట్లా వేశాను. ఆ అంకెలు ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదు. ఇంటికొచ్చి గెడను పెరటి గోడకు ఆనించాను. ఎండకి తడి, ఒక్కొక్క ఎర్ర గీతే వదులుతూ, కిందికి దిగింది.