గాలికి ఊగని జుట్టు

ఆ రోజుల్లో ప్రత్యేక రాష్ట్రం కోసం ఊరూరా దీక్షలు జరిగేవి. మా ఇంట్లో జరిగిన దీక్ష మీద ఒక మహాకావ్యమే రాద్దామని కూర్చున్నాను. నిజానికి అంత లేదు. ఒక గిన్నె ఉప్మా మిగిలిపోయింది, అంతే.

అప్పుడు నేను మహబూబాబాద్‌లో డిగ్రీ మొదటి సంవత్సరం. బందుల పుణ్యమా అని కాలేజీలో కన్నా ఇంట్లోనే ఎక్కువ ఉండేవాణ్ని. మూడో తరగతి చదివే చెల్లె కాలు విరిగి, సిమెంటు పట్టీతో మంచం మీద ఉండేది. దాని కాలక్షేపానికి సీడీల దుకాణం అన్న దగ్గర ఒక జపాన్ బొమ్మల సీరియల్ తెచ్చేవాణ్ని. అందులో ఓ పిల్లవాడు కొండల మీద పరుగెత్తుతుంటే జుట్టు, చొక్కా, గడ్డి అన్నీ గాలికి ఊగేవి. చెల్లె ఊపిరి బిగబట్టి, వాడి కాళ్లతో తానే పరుగెత్తేది. రెండో భాగానికి వచ్చేసరికి వాడు ఉన్నచోటే నిలబడి మాట్లాడటం మొదలుపెట్టాడు. నోరొక్కటే కదిలేది.

"అన్నా, వీని జుట్టు ఊగుతలేదేంది? వీనికి గూడ కాలు ఇరిగిందా?"

దుకాణం అన్నను అడిగాను. "చూశెటోళ్లు అసలు డిస్కులు కొంటెనే గీశెటోళ్లకు పైసలొస్తయి తమ్మీ. మొదటి భాగం ఎక్కువ మంది కొనలే. జుట్టు ఊగాల్నంటె మస్తు బొమ్మలు చేత్తోని గియ్యాలె. గందుకే గాలి బంద్ జేశిన్రు," అన్నాడు (అంటూనే ఇంకో కాపీ సీడీ నా చేతిలో పెట్టాడు).

ఈ సంగతి చెల్లెకు చెప్పడం నా తప్పే. మరునాడు పొద్దున అది ఉప్మా గిన్నె పక్కకు తోసింది. "అసలు డిస్కు కొనేదాక నాది రిలే దీక్ష!" మధ్యాహ్నానికి ఆలుగడ్డ వేపుడు వాసన వచ్చింది. "అన్నా, ఇగ నీ వంతు. రిలే గద!" అది తింటుంటే నేను ఆకలితో చూస్తూ కూర్చున్నాను.

సాయంత్రం నాయిన తన కిరాణా దుకాణం కట్టేసి వచ్చాడు. "జపానోళ్ల జుట్టుకు మనింట్ల దీక్షేందిరా?"

"వాడు ఉర్కుతలేడు నాయినా," అంది చెల్లె. "నేను గూడ ఉర్కుతలేను."

ఆ వారమే నాయిన సరుకు పనిమీద హైదరాబాద్ పోయి, తిరుగు రైలు రైల్‌రోకోకు జనగామలో ఆగిపోతే, ఎవరిదో మిర్చి లారీ ఎక్కి ఇల్లు చేరాడు. సంచిలో రెండో భాగం అసలు డిస్కు. వంకాయలకు కూడా అరగంట బేరమాడే మనిషి, దీనికి అడిగినంత ఇచ్చి వచ్చాడట. వేసి చూస్తే అందులోనూ జుట్టు ఊగలేదు (అదే భాగం, ఎట్లా ఊగుతుంది!). చెల్లె మాత్రం, "వచ్చే భాగంల ఊగుతది," అని డిస్కును దిండు కింద పెట్టుకుంది.

పట్టీ విప్పిన కొన్నాళ్లకు అది వాకిట్లో కొంచెం కుంటుతూనే ఉరికింది. "అన్నా, నా జుట్టు ఊగుతుందా?" అమ్మ నూనె పట్టించి బిగించి వేసిన రెండు జడలు, ఒక్క వెంట్రుక కదిలితే ఒట్టు. దేన్నీ వెక్కిరించకుండా వదలని నేను, "మస్తు ఊగుతుంది," అన్నాను.

చాలా ఏళ్లకు మూడో భాగం వచ్చింది. చెల్లె ఫోన్ చేసి, "అన్నా, ఊగుతుంది చూడు! నాయిన కొన్న డిస్కుతోనే!" అని ఏడ్చినంత పని చేసింది. ఖాళీ కడుపుతో జపాన్ గాలి కోసం కూర్చున్న ఆనాటి నన్ను తలుచుకుని నవ్వుకున్నాను. చెల్లె మాట కాదనబుద్ధి కాలేదు.

మూడో భాగం కంప్యూటర్‌తో చేశారు. అందులో గాలిని ఎవరూ విడిగా గీయక్కర్లేదట.