సోడియం దీపం కింద మా బెల్లం

మా వీధిలో పదకొండు స్తంభాలకూ పసుపు రంగు సోడియం దీపాలు తీసేసి, తెల్లటి ఎల్‌ఈడీలు బిగించారు. ఒక్కొక్కటే లెక్కపెట్టాను.

అనకాపల్లి బెల్లం మార్కెట్ దగ్గర సోడియం దీపం కొత్తగా వెలిగినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. ఆ ఏడు మా బెల్లం నల్లగా దిగింది. రంగు లేకపోతే ధర లేదు. సాయంత్రం మా బండి ఆ దీపం కింద ఆగగానే ముప్పై దిమ్మలూ పసుపుగా మెరిశాయి.

"నాన్నా, మన బెల్లానికి రంగు వచ్చీసింది," అన్నాను.

పక్కబండి రైతు నవ్వాడు. "బావా, నీ కూతురు యాపారానికి పనికొత్తాది. ఈ దీపం కిందే అమ్మేయ్."

"కొనేవోళ్లు పొద్దున్న కదా వత్తారు," అన్నాడు నాన్న. అయినా బండి కదపకుండా తీరిగ్గా చుట్ట వెలిగించాడు. "కాసేపుందాం తల్లీ."

రంగు బాగా పట్టాలని ఆగాడనుకున్నాను. తన నల్లబెల్లాన్ని కాసేపు మేలురకం బెల్లంలా చూసుకోవడానికి ఆగాడని చాలా ఏళ్లకు అర్థమైంది.