బావమరిది గోడ మీది బాణాలు

కన్నతల్లిని గుర్తింపుకార్డు అడిగిన ఘనుడు మా బావమరిది. ఆవిడ చూపించింది కూడా. ఫొటోలో పోలికలు చాలలేదని రెండో కార్డు అడిగాడు.

ఇదంతా తాళాల కోసం. మా పత్రికవాళ్లం, ఇంట్లోవాళ్లం కంప్యూటర్లో ఉత్తరాలకు తాళం వేసి పంపుకుంటాం. మనిషికో తాళం, ఎవరి తాళం వేస్తే వారే తెరవగలరు. ఫలానా తాళం ఫలానావారిదేనని, కార్డు చూసి, తెలిసినవాళ్లు సంతకం పెట్టాలి. ఆ సంతకాలన్నిటినీ మా బావమరిది గోడంత కాగితం మీద గీశాడు. మనిషికో చుక్క, సంతకానికో బాణం.

ఊరి బడిలో ఎనిమిది చదివి, ముప్పైనాలుగేళ్లు వారపత్రిక నడిపి, రెండు కోర్టు దావాలు గెలిచినవాణ్ణి నేను. నన్నూ కార్డు అడిగాడు.

"నేనెవరో తెలీదట్రా?"

"తెలుసు బావా. మీరేనని తేలాలిగా."

ఆ ఏడు ఒక ఆసుపత్రి గిడ్డంగిలో గడువు తీరిన మందులకు కొత్త చీటీలు అంటిస్తున్నారని అక్కడి గుమాస్తా ఒకామె మాకు కాగితాలు పంపింది. పేరు లేకుండా వేశాం. పేరు బయటపడితే ఆమె ఉద్యోగం ఊడుతుంది.

ఒక మధ్యాహ్నం, విమానంలో ఉన్న మా అమ్మాయి పేరుతో ఉత్తరం వచ్చింది. 'నాన్నా, వకీలుకి ఆ గుమాస్తా పేరు కావాలి. నా తాళం మారింది, ఈ కొత్తది వేసి పంపు.' మా పత్రికకు రాసే పిల్లే కదా అని పేరు టైపు చేసేశాను.

"ఆగండి బావా. ఈ కొత్త తాళం మీద సంతకం ఎవరిది?"

"సొంత కూతురికి సాక్షులేంట్రా?"

"కూతురు మీదే. తాళం ఎవరిది? దీనికి ఒక్క బాణమైనా వచ్చిందా?"

కీబోర్డు ఊడబీకి ఒళ్లో పెట్టుకు కూర్చున్నాడు. నాలుగు గంటలు. తిట్లలో నా పాండిత్యమంతా ఖర్చుచేశాను.

"వీటిలో అచ్చు వేయదగ్గవి రెండే, బావా" అన్నాడు.

సాయంత్రం విమానం దిగి అమ్మాయి ఫోన్ చేసింది.

"నేను ఉత్తరమే రాయలేదు నాన్నా. తాళమూ మార్చలేదు."

అతని ఒళ్లోంచి కీబోర్డు తీసుకుని, టైపు చేసిన పేరు చెరిపేశాను. తర్వాత గోడ మీది పటంలో ఆ గుమాస్తా కోసం వెతికాను. ఎక్కడా లేదు.

"ఒరేయ్, నువ్వే రెండు బస్సులు మారి వెళ్లి ఆమె కార్డు చూసొచ్చావుగా. చుక్కేది?"

"గీయలేదు బావా. ఈ గదిలోకి వంద మంది వస్తారు. మనకు తెలిసిన మనిషని గోడ మీద కనబడితే ఆమె గతేంటి?"

"మరి సంతకం?"

"పెట్టాను. నా దగ్గరే దాచాను, ఎవరికీ పంపలేదు."

అతను తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించాడు.

"పటంలో ఒకరు తక్కువని ఎక్కడా అనకండి బావా. నామోషీగా ఉంటుంది."