పోపులపెట్టెలో గవ్వ

మా మరిది ఇక లేడని బొంబాయి నుంచి టెలిగ్రాం వచ్చేసరికి నేను నరసన్నపేటలో మా పెరట్లో కూర్చుని చింతపండు పిక్క తీస్తున్నాను. పచ్చకామెర్లని తెలుసు. ఇంత తొందరగా అనుకోలేదు.

మావారి తమ్ముడతను. బొంబాయిలో కంప్యూటర్ దగ్గర ఉద్యోగం. ఆ యంత్రం చేత ఒకేసారి రెండు పనులు చేయించే ప్రోగ్రాం రాసేవాడు. రెండు పనులకీ సమాచారం ఉండే టేపూ కావాలి, అచ్చుయంత్రమూ కావాలి. ఒక పని వాడుకుంటుంటే రెండో పని ముట్టకుండా తాళం ఉంటుంది. వాడుకోగానే ఆ తాళం తీసి వదిలేయాలి. కొన్నాళ్లు బాగానే నడిచి, ఏదో ఒకనాడు రెండు పనులూ కదలక మెదలక నిలిచిపోయేవి. ఎందుకో తేలకపోతే ఆ ప్రోగ్రామునే పక్కన పెట్టేస్తామన్నారట పైవాళ్లు. అరవై ఏడు వేసవి సెలవుకి పెట్టెడు కాగితాలతో దిగాడు.

"వదినా, నువ్వొక పని, నానొక పని" అన్నాడు. టేపుకి చింతపిక్క, అచ్చుయంత్రానికి గవ్వ. కాగితం చూసి అతను "తీసుకో" అంటే తీసుకోవాలి, "ఒగ్గు" అంటే చాపమీద వదిలేయాలి. మధ్యాహ్నం వంటిల్లు సర్దాక రోజూ ఇదే.

"బొంబాయి సదువు సదివి గవ్వలాటేటిరా!" అని మా అత్తగారు దెప్పేవారు.

ఎంత ఆడినా చిక్కు పడలేదు. "అన్నీ సక్కగా జరిగినప్పుడు కాదు వదినా, ఏదో సెడి ఎనక్కి తిరిగినప్పుడు సూడాల" అంటూ, టేపు చదవడం కుదరక పని మళ్లీ మొదలయ్యే చోటు కాగితాల్లో తీశాడు. రెండూ నా చేతిలో ఉండగా పిక్క మాత్రం వదలమన్నాడు. వదిలాను. అది అతను తీసుకున్నాడు. మళ్లీ మొదలుపెట్టాలంటే నాకా పిక్క కావాలి. అతనికేమో నా చేతిలో గవ్వ కావాలి.

"గవ్వ నాకు కావాల వదినా."

"ఒగ్గమని నీ కాయితంలో ఉన్నాదేటి? ముందు నువ్వు పిక్క ఇయ్యి."

కాగితం వైపు చూశాడు. ఆ మాట అందులో లేదు. ఒక్క గెంతు గెంతాడు. "దొరికిందమ్మా!" అంటూ అత్తగారిని ఎత్తి గిర్రున తిప్పాడు.

"నడుం ఇరిగిపోద్ది, ఒగ్గరా!" అని ఆవిడ కేకలు.

ప్రోగ్రాం దిద్దుకుని వెళ్లాడు. అతను వెళ్లేసరికే, ఇకమీదట ఒకసారికి ఒక పనే నడపాలని ఆఫీసులో తేల్చేశారట. దిద్దినది ఒక్కసారైనా నడిపి చూడలేదు. మరుసటేడు వచ్చి, కంచం ముందు కూర్చుని ఈ సంగతి చెప్పాడు. ఇంకాస్త పులుసు పోశాను.

చెయ్యి కడుక్కుంటూ అడిగాడు: "ఆ గవ్వ ఉన్నాదా వదినా?"

"ఉండకేటి? పోపులపెట్టెలో ఉన్నాది. నువ్వు ఒగ్గమన్నేదు కదా."

చాలాసేపు నవ్వాడు. అంతలా నవ్వడం మళ్లీ చూడలేదు.

ఒగ్గమని చెప్పేవాడు ఇప్పుడు లేడు. గవ్వ పోపులపెట్టెలోనే ఉంది, నోట్లో ఒక ఆవగింజ ఇరుక్కుని.